సల్కాటా పిల్లకి కింద ఏం పరవాలి? ఊకా, ఇసుకా, కొబ్బరి పొట్టా?

ఏటిగట్టు (మలికిపురం వైపు)

నమస్కారం అండీ. సల్కాటా (ఆఫ్రికా నేల తాబేలు) పిల్ల ఒకటి ఉంది. పెంకు పొడవు 9 సెం.మీ., బరువు 150 గ్రాముల పైచిలుకు. విదేశీ జాతుల్ని నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు అయిపోయింది. పెట్టె ప్లైవుడ్‌ది, 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. మూత సగం వరకే ఉంది. ఒక మూల 100 వాట్ల బల్బు, పొడుగునా టీ5 యూవీబీ ట్యూబు (ఎండకి బదులు అతినీలలోహిత కాంతి ఇచ్చేది). ప్రస్తుతం అడుగున న్యూస్‌పేపరు. దాని మీద కాళ్ళు జారుతున్నాయి, దూరి పడుకోవడానికీ ఏమీ లేదు.

ఇక్కడ తేలిగ్గా దొరికేవి ఇవి: రైసుమిల్లు ఊక, గోదావరి ఇసుక, కోతమిల్లు రంపపు పొట్టు, పీచు ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పోసే కొబ్బరి పొట్టు, వరిగడ్డి, లంక మట్టి. వీటిలో ఏది వెయ్యాలి, ఎంత మందం? మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పొట్టు కడగడానికి పనికొస్తాయా? ఇంకో సందేహం. ఎక్కడ చూసినా సల్కాటా పిల్లకి తేమ కావాలంటారు. మన గాలిలోనే అంత తేమ ఉండగా మళ్ళీ నీళ్ళు పొయ్యడం దేనికి? కోళ్ళఫారం వాళ్ళు ఊకలో సున్నం కలిపినట్టు కలిపితే వాసన, పురుగు రావని కూడా ఒకరన్నారు. కలపొచ్చా?

డొక్కపొట్టు (అంబాజీపేట)

ముందు సున్నం సంగతి చెప్తాను. చిటికెడు కూడా కలపొద్దండీ. కోడి లిట్టరు మీద నిలబడుతుంది, తాబేలు పొట్ట ఆనించి పాకుతుంది, ముక్కు దాకా దూరి నిద్రపోతుంది. తడి తగిలిన సున్నం దాని కళ్ళని, నోటిని, మెడ కింద మెత్తటి చర్మాన్ని కాల్చేస్తుంది. ఫినాయిలు, బ్లీచింగు కూడా పెట్టె దరిదాపులకి రానివ్వొద్దు. పెట్టె కడగాలంటే సబ్బునీళ్ళు, ఆ తర్వాత ఎర్రటి ఎండ చాలు.

ఇక మీరు చెప్పినవాటిలో ఊక వద్దు. అందులో సిలికా ఎక్కువ, అంచులు గరుకు, దుమ్ము లేస్తుంది, నీటిని అసలు పట్టుకోదు. ఆకుకూరకి అంటుకుని కడుపులోకి పోతే అరగదు. వరిగడ్డి పొడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, తడి తగిలితే నాలుగు రోజుల్లో బూజు పట్టి ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంపపు పొట్టు ఏ చెట్టుదో మిల్లువాళ్ళే చెప్పలేరు. టేకు పొడి చర్మానికీ కళ్ళకీ పడదు, ప్లైవుడ్ కోసిన పొడిలో జిగురు మందు ఉంటుంది. ఇసుక ఒక్కటే పరిస్తే తిండితోపాటు కొద్దికొద్దిగా లోపలికి పోయి పేగులో గట్టిపడుతుంది. సముద్రపు ఇసుకైతే దానికి తోడు ఉప్పూ, గవ్వల పెంకులూ.

మిగిలింది కొబ్బరి పొట్టు. మన ప్రాంతానికి ఇదే సరైనది. కానీ పీచు ఫ్యాక్టరీ గుట్ట నుంచి తెచ్చింది తెచ్చినట్టు పరవకూడదు. కొబ్బరి డొక్కలోనే ఉప్పు ఉంటుంది, అందులోనూ సముద్రం దగ్గరి చెట్ల డొక్కల్లో ఇంకా ఎక్కువ. తాబేలు రోజంతా ఆ తడి ఉప్పు మీద పడుకుంటే పొట్ట కింద చర్మం ఎర్రబడుతుంది, ఆ పొట్టు నోట్లోకి పోతే ఒంట్లో నీరు లాగేస్తుంది. కొత్త గుట్ట కన్నా ఒక వానాకాలం నానిన పాత గుట్ట మేలు. వర్షమే సగం కడిగిపెట్టి ఉంటుంది.

కడిగే పద్ధతి ఇదీ. ముందు అర అంగుళం కన్నుల ఇనుప జల్లెడలో పొట్టు జల్లించండి. వేలెడు పొడవు పీచు పోగులు మిగిలిపోతే పిల్ల కాలికి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, మింగితే ఇంకా ప్రమాదం. జల్లించిన పొట్టు గోనెసంచిలో సగం వరకు నింపి, మూతి కట్టి, నీళ్ళ డ్రమ్ములో ఒక రాత్రి ముంచి ఉంచండి. పొద్దున్నే తీసి తొక్కి పిండండి. అలా మూడుసార్లు, ప్రతిసారీ కొత్త నీళ్ళతో. మొదటి నీళ్ళు డికాషన్‌లా ముదురుగా వస్తాయి, మూడోసారికి లేత టీ రంగులోకి రావాలి. రంగు తగ్గినంత మాత్రాన ఉప్పు పోయిందని కాదు, అందుకే మంచినీళ్ళు చూసుకునే టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) వాడండి. పోసిన నీళ్ళ రీడింగు ఎంతో, పిండిన నీళ్ళ రీడింగు ఎంతో చూడండి. తేడా 200 పీపీఎం లోపుకి వస్తే చాలు.

ఇక్కడే మీ బోరు అడ్డొస్తుంది. బోరు నీళ్ళే 1500 చూపిస్తుంటే ఎన్నిసార్లు కడిగినా పొట్టు అంతకన్నా దిగదు. పంచాయతీ కుళాయి నీళ్ళో, పట్టి పెట్టుకున్న వాన నీళ్ళో వాడండి. మొదటి రెండు కడుగుళ్ళకి కాలువ నీళ్ళు ఫరవాలేదు, చివరిది మాత్రం కుళాయి నీళ్ళతోనే చెయ్యండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎలాగూ అదే దారి. ఈ పనంతా వద్దనుకుంటే కడిగిన పొట్టుతో చేసిన దిమ్మ కొనండి. 5 కిలోల దిమ్మకి 20 నుంచి 25 లీటర్ల నీళ్ళు పడతాయి, విచ్చుకుంటే 65, 70 లీటర్లు అవుతుంది. కడియం వైపు నర్సరీల్లో కూడా దొరుకుతుంది. అయితే ఎరువు గానీ, గుళికల మందు గానీ కలిపిన కుండీ మట్టి వద్దని గట్టిగా చెప్పి తీసుకోండి.

మీ పెట్టెకి 10 సెం.మీ. మందం అంటే 72 లీటర్లు. అది అణిగిపోతుంది కాబట్టి 90 లీటర్లు సిద్ధం చేసుకోండి. ఒక 5 కిలోల దిమ్మ, పైన రెండు 650 గ్రాముల పొట్టు ఇటుకలు సరిపోతాయి. బల్బుకి దూరంగా, దాక్కునే మూలలో మందం 15 సెం.మీ. ఉంచండి. దూరి పడుకుంటే పెంకు పూర్తిగా మునగాలి.

చివరిగా తేమ ప్రశ్న. ఇది మన ప్రాంతంలో చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. 28 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలిని బల్బు కింద 36 డిగ్రీలకి వేడి చేస్తే, అదే గాలిలో తేమ 48 శాతం దగ్గరికి పడిపోతుంది. బయట చెమట కారుతున్నా పెట్టెలో పిల్ల ఎండిపోతూనే ఉంటుంది. పెంకు మీద గడులు గోపురాల్లా లేవడానికి పెద్ద కారణం ఈ పొడిదనమే. సల్కాటా పిల్లల మీద 2003లో వచ్చిన పరిశోధన కూడా తిండిలోని మాంసకృత్తుల కన్నా తేమకే ఎక్కువ ప్రభావం ఉందని తేల్చింది. అందుకని నీళ్ళు పొయ్యాలి, కానీ పైన చిలకరించడం కాదు. నాలుగు మూలల్లోనూ చెంబుతో అంచు వెంబడి పొయ్యండి. నీరు అడుగుకి దిగి అక్కణ్ణుంచి మెల్లగా పైకి వస్తుంది. అడుగు తడిగా, పైన అంగుళం పొడిపొడిగా ఉండాలి. అడుగు పొర నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కట్టిందంటే ఎక్కువైనట్టు. చుక్క రాకుండా ముద్ద విడిపోయిందంటే పొయ్యాల్సిన రోజు వచ్చినట్టు.

చెరువుగట్టు (భీమవరం)

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. దానికి పెట్టె సంగతి చేరుస్తాను, ఎందుకంటే తడి పొట్టు వేశాక ముందు పాడయ్యేది ప్లైవుడ్డే. అడుగు ఉబ్బి, పొరలు విడిపోయి, ఆ సందుల్లో నల్ల బూజు చేరుతుంది. రొయ్యల చెరువులకి వేసే లైనర్ షీటు ముక్క తెచ్చుకోండి. అడుగంతా ఒకే ముక్కగా పరిచి, పక్కలకి 8 అంగుళాలు పైకి మడిచి, అంచుని అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. మూలల్లో కొయ్యకుండా కవరు మడతలా మడవండి. సిలికాన్ ఆరి, పుల్లటి వాసన పూర్తిగా పోయాకే పొట్టు వెయ్యండి. అడుగున నీళ్ళు పోయే కన్నాలు అక్కర్లేదు, పోసిన నీరు లోపలే ఉండాలి.

చెరువుగట్టు మట్టి మాత్రం పెట్టెలోకి తేవద్దు. పైకి నల్లగా, మెత్తగా బాగుంటుంది గానీ అందులో ఉప్పూ, చెరువులో వాడిన మందులూ ఉంటాయి.

తడి ఉన్నచోట చలి ఉండకూడదు. సల్కాటా విషయంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. బల్బు కింద 36 డిగ్రీలు, అవతలి చివర 27, రాత్రి 25కి తగ్గకూడదు. కొలత పొట్టు మీద, తాబేలు ఎత్తులో తియ్యాలి, గోడకి తగిలించిన మీటరు చెప్పేది గాలి సంగతి. తడి పొట్టూ, 20 డిగ్రీల రాత్రీ కలిస్తే ముక్కు కారడం మొదలై న్యుమోనియాలోకి దిగుతుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు ఆ మాత్రం చల్లబడతాయి. కాబట్టి వెలుగు లేని సిరామిక్ హీటరు థర్మోస్టాటుతో పైనుంచి పెట్టండి, చుట్టూ ఇనుప జాలీ కట్టండి. కింద పరిచే హీట్ మ్యాట్ వద్దు. పొట్టు వేడిని పైకి పోనివ్వదు, అడుగున ఉడుకుతుంది, తాబేలు తవ్వుకుంటూ కిందికి పోయి పొట్ట కాల్చుకుంటుంది.

కాలాన్ని బట్టి నీళ్ళు మారాలి. ఏప్రిల్, మేలో వడగాలికి పై పొర పూటలో ఎండుతుంది, రోజు విడిచి రోజు ఒకటిన్నర లీటర్లు పట్టొచ్చు. జూలై నుంచి అక్టోబరు దాకా వారానికి ఒకసారి కూడా అక్కర్లేకపోవచ్చు. తుపాను ముసురు పట్టి రెండు రోజులు కరెంటు లేకపోతే నీళ్ళు పూర్తిగా ఆపేసి, పైన రెండు అంగుళాలు ఆరిన పొట్టు వెయ్యండి. అందుకోసం ఒక బస్తా ఎండబెట్టి కట్టి ఉంచుకోవడం మంచిది.

చీమల సంగతి ఎవరూ అడగరు గానీ పిల్లలకి ప్రాణాంతకం. తడి పొట్టులో గండుచీమలు గూడు పెడతాయి, నిద్రలో ఉన్న పిల్ల కళ్ళని కొరికేస్తాయి. పెట్టెని స్టాండు మీదికి ఎక్కించి, నాలుగు కాళ్ళనీ నీళ్ళ డబ్బాల్లో పెట్టండి, గోడకి తగలనివ్వద్దు. చీమల చాక్‌పీసులో పురుగుమందు ఉంటుంది, అది పెట్టె మీద గియ్యొద్దు.

ఒండ్రుమట్టి (రావులపాలెం)

నేను కొంచెం వేరుగా చెప్తాను. ఉత్త కొబ్బరి పొట్టు తేలిక. కాలు నిలదొక్కుకోదు, తవ్విన బొరియ నిలవదు, ఆరితే దుమ్ములేచి కళ్ళకి పడుతుంది. పొద్దున్నే కళ్ళు మూసుకునే ఉండటం, ముందుకాళ్ళతో కళ్ళు రుద్దుకోవడం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఈ దుమ్మునే. సల్కాటా మట్టి తవ్వే జాతి. పొట్టు రెండు పాళ్ళు, ఒండ్రు మట్టి రెండు పాళ్ళు కలిపితే గట్టి నేల దొరుకుతుంది, గోళ్ళు అరుగుతాయి, తేమ కూడా నిదానంగా దిగుతుంది.

మట్టి ఎక్కణ్ణుంచి అన్నదే ముఖ్యం. పొలం గట్టుది వద్దు, వరికి వేసే గుళికలు అందులో ఉంటాయి. లంకల్లో అరటితోట మట్టి కూడా వద్దు, అరటి మొదళ్ళకి గుళికలు వేస్తారు. వరద తగ్గాక ఏటి ఒడ్డున మేట వేసిన కొత్త ఒండ్రు, సేద్యం లేని చోటుది తీసుకోండి. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా ఉండాలి. సాగి రిబ్బనులా వస్తే బంక ఎక్కువ, ఎండితే బీటలు వారి రాయి అవుతుంది.

వరద ఎక్కణ్ణుంచి ఏం తెచ్చిందో తెలియదు కాబట్టి శుద్ధి తప్పనిసరి. జల్లించి, కొద్దిగా తడిపి, నల్ల పాలిథిన్ మీద నాలుగు అంగుళాల మందాన పరిచి, పైన పారదర్శకమైన షీటు కప్పి, అంచులకి ఇటుకలు పెట్టండి. మే ఎండలో వారం, మిగతా రోజుల్లో మూడు వారాలు. మధ్యలో రెండుసార్లు తిరగెయ్యాలి. పురుగులు, గుడ్లు, కలుపు గింజలు చాలావరకు పోతాయి.

ఇసుక పిల్లల పెట్టెలోకి అసలు వద్దు. ఒండ్రులో ఉండే సన్నటి ఇసుకే సరిపోతుంది.

డొక్కపొట్టు (అంబాజీపేట)

ఒండ్రుమట్టి గారూ, కళ్ళ విషయంలో మీరు చెప్పింది నిజమే. అయితే దుమ్ము లేచేది పై పొర పూర్తిగా ఎండనిచ్చినప్పుడే. దానికి మట్టి కలపక్కర్లేదు, పైన ఒక అంగుళం కొబ్బరి డొక్క ముక్కలు పరిస్తే తీరుతుంది. ఒకటి రెండు సెం.మీ. ముక్కలుగా తరిగి, పొట్టులాగే కడిగినవి. అవి నోట్లో పట్టేంత చిన్నవి కావు, కాళ్ళకి పట్టు ఇస్తాయి, కింద తేమని ఆపుతాయి.

సగం మట్టికి నా అభ్యంతరం బరువు. తడి పొట్టు లీటరు అర కిలో లోపే. సగం మట్టి కలిస్తే లీటరు కిలో దాకా వస్తుంది. 72 లీటర్లంటే 70 కిలోలు, 12 మి.మీ. ప్లైవుడ్ అడుగు మధ్యలో దిగిపోతుంది. కింద రెండు అడ్డకర్రలు లేకుండా పొయ్యొద్దు. 9 సెం.మీ. పిల్లకి మూడు పాళ్ళు పొట్టు, ఒక పాలు ఒండ్రు చాలని నా అభిప్రాయం. 15 సెం.మీ. దాటాక మీ సగం సగం బాగుంటుంది.

ఏది వేసినా తిండి దాని మీద పెట్టొద్దు. అడుగు చదరం కడప రాయి ముక్క మీద పెట్టండి. నీళ్ళకి కుండీ కింద పెట్టే మట్టి పళ్ళెం, అంచు పొట్టుతో సమానంగా దించండి. లోతు తాబేలు గడ్డానికి మించకూడదు.

ఏటిగట్టు (మలికిపురం వైపు)

చాలా థాంక్సండీ. మూడు పాళ్ళు, ఒక పాలు లెక్కన కలిపి పైన డొక్క ముక్కలు వేస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. పరిచాక తెల్ల బూజు కనిపిస్తే మొత్తం తీసెయ్యాలా? పెద్దదయ్యాక పెరట్లో నేల మీద వదిలేస్తే సబ్‌స్ట్రేట్ (కింద పరిచే పొర) గొడవ ఉండదు కదా?

పంటకాలువ (తణుకు)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా బంధువుల ఇంట్లో నక్షత్ర తాబేలు ఉంది, సిమెంటు గచ్చు మీదే తిరుగుతుంది. దానికీ ఇదే మిశ్రమం వెయ్యొచ్చా?

చెరువుగట్టు (భీమవరం)

పంటకాలువ గారూ, నక్షత్ర తాబేలుని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూలులో ఉంది. సల్కాటా లాంటి విదేశీ జాతులకి ఉన్న నమోదు సదుపాయం దీనికి వర్తించదు. మన చెరువుల్లో దొరికే నీటి తాబేళ్ళూ పెంచుకోవడానికి కాదు. వాళ్ళకి నచ్చజెప్పి అటవీశాఖ రేంజి ఆఫీసులో అప్పగించమనండి. పొలాల్లోనో, ఏటి ఒడ్డునో సొంతంగా వదిలెయ్యొద్దు. నక్షత్ర తాబేలు పొడి నేలల జీవి, డెల్టా బురదలో బతకదు, ఇంట్లో అంటిన జబ్బుని అడవి తాబేళ్ళకి అంటించే ప్రమాదమూ ఉంది. అప్పగించేలోగా గచ్చు మీద కాకుండా పొడి కొబ్బరి పొట్టు పరిచిన టబ్బులో ఉంచమని చెప్పండి.

ఒండ్రుమట్టి (రావులపాలెం)

ఏటిగట్టు గారూ, మొదటి నెలలో మూలల్లో దూదిలా తెల్ల బూజు రావడం మామూలే. కొత్త పొట్టులో మిగిలిన పిండి పదార్థం మీద వస్తుంది. ఆ చోటు గుప్పెడు తీసేసి, చుట్టుపక్కల కలియబెట్టి, రెండు రోజులు నీళ్ళు ఆపి, మూత ఇంకాస్త తెరవండి. ఆకుపచ్చ, నల్ల బూజు, మురుగు కాలువ వాసన అయితే అడుగున గాలి ఆడక కుళ్ళుతోందని అర్థం, మొత్తం మార్చాల్సిందే. వారానికోసారి అడుగు దాకా చెయ్యి పెట్టి తిరగేస్తుంటే ఆ పరిస్థితి రాదు. మలం రోజూ తీసెయ్యాలి. అన్నీ సరిగా ఉంటే నాలుగు నెలలకోసారి, వానాకాలంలో రెండు నెలలకోసారి మొత్తం మార్చండి. మట్టితో రోకలిబండలు వస్తే ఏరెయ్యండి, వాటి రసం కళ్ళకి మంట. వానపాములు ఉంటే మేలే.

మూత్రంతో వచ్చే తెల్లటి పదార్థాన్ని గమనిస్తూ ఉండండి. పేస్టులా మెత్తగా ఉంటే తేమ సరిపోతోంది. ఇసుక రేణువుల్లా గరుకుగా ఉంటే పిల్ల ఎండిపోతోంది. రోజూ 20 నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టండి, పొట్టు తేమ చూడండి. వారం దాటినా మలం లేక, ముక్కుతూ, వెనక కాళ్ళు ఈడుస్తుంటే పొట్టో మట్టో అడ్డుపడి ఉండొచ్చు. ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించండి. పొట్ట కింది పెంకు గులాబీ రంగులోకి మారినా, నొక్కితే మెత్తగా అనిపించినా అడుగు మరీ తడిగా ఉందని అర్థం. పిల్లని పొడి గుడ్డ మీదికి మార్చి డాక్టరుకి చూపించండి.

పెరడు గురించి. మన దగ్గర నేరుగా నేల మీద వదిలేస్తే సబ్‌స్ట్రేట్ గొడవ అక్కడే అసలు మొదలవుతుంది. సల్కాటా సహారా దక్షిణ అంచు జాతి, మనిషి పొడవు మించిన లోతుకి బొరియ తవ్వగలదు. ఇక్కడ వానాకాలంలో కొన్నిచోట్ల రెండు గజాలు తవ్వితే నీళ్ళు. బొరియలో ఊట ఊరుతుంది, బంకమట్టి కప్పు కూలుతుంది, తాబేలు లోపలే చిక్కుకుంటుంది. మగది 50 కిలోలు కూడా దాటొచ్చు, అంత బరువుని బురదలోంచి లాగడం ఒక్కరి వల్ల కాదు.

అందుకని ఇంటి స్థలానికి చేసినట్టే దానికీ మెరక చెయ్యాలి. చుట్టుపక్కల నేలకన్నా రెండున్నర అడుగుల ఎత్తు. కింద అడుగున్నర మెట్ట ప్రాంతం నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ దిమ్మిస కొట్టి, పైన అడుగు లంక మట్టి, మధ్య నుంచి అంచులకి వాలు. దాని మీద గరిక నాటితే తిండీ అదే. చుట్టూ ఇటుక గోడ నేలపైన రెండడుగులు, గ్రావెల్ పొర అట్టడుగు దాకా పునాది. గన్నేరు, జిల్లేడు, ఆముదం ఆకులు రాలే దూరంలో కట్టొద్దు. ఒక చివర రేకుల గది, సిమెంటు గచ్చు మీద 15 సెం.మీ. పొట్టు. ఆ గదిలో పొట్టు పిల్ల పెట్టెలోలా తడిగా అక్కర్లేదు, చేతికి చల్లగా తగిలితే చాలు, చలి రాత్రులకి పైన హీటరు ఉండాలి. మెరక వేసవిలో పోయించి, ఒక వానాకాలం దిగనిచ్చి, దిగిన చోట్ల మళ్ళీ నింపి దిమ్మిస కొట్టాకే గోడ కట్టించండి.